లోపల వదిలిన గుడ్డ

పిల్లలకి సెలవులిచ్చిన రోజు నుంచే మాకు పని మొదలవుతుంది. బళ్ళు తెరిచేలోపు నాలుగు వందల జతల యూనిఫారాలు కుట్టి, కాజాలు తీసి, గుండీలు వేసి, ఇస్త్రీ చేసి, ఒక్కోదానికి పేరు చీటీ గుచ్చి పెట్టాలి. అలాంటి వేసవులు నా చేతుల మీదుగా ముప్పై దాటాయి. అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒక్క ఏడాది మాత్రం ఏ రోజుకా రోజు విడిగా గుర్తుంది. ఆ ఏడు ఏ బడికి ఏ రంగో, ఏ తాను తడిపితే ఎంత కుంచించుకుపోయిందో ఇప్పుడడిగినా చెబుతాను. నేను చదివింది మూడో తరగతి. కాగితం మీద పెట్టుకోవడం అంతగా రాని మనిషి బుర్రలో పెట్టుకోక ఏం చేస్తుంది!

అది మా నాన్నకి ఆరో సెలైను అయిపోయిన ఏడు.

సెలైను అని మేం ఇంట్లో అనుకునే మాట. పేగులో క్యాన్సర్ అని తేలాక మూడు వారాలకొకటి చొప్పున ఎక్కించిన మందు అది. దాని అసలు పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. ఆరూ అయ్యాక స్కానింగ్ తీస్తే పేగులోది తగ్గింది గానీ కాలేయంలో కొత్తగా రెండు మచ్చలు కనిపించాయి. ఆ మాట చెప్పడానికే డాక్టరమ్మ ముగ్గుర్నీ పిలిచింది. నాన్న, నేను, తమ్ముడు.

ఆవిడకి నలభై కూడా ఉండవు. చెప్పాల్సింది గబగబా చెప్పేసి, తర్వాత మన మొహం వంక చూస్తూ ఊరుకునే రకం. నాన్న ఆవిడ మొహం చూడట్లేదు. ఆవిడ వేసుకున్న తెల్లకోటు భుజం చూస్తున్నాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, అందులో అరవై ఏళ్ళు మిషను ముందే గడిపాడు. ఎదురుగా దేవుడు నిలబడినా ముందు కుట్టు చూస్తాడు.

"ఇంకో మందు ఉంది తాతగారూ," అంది డాక్టరమ్మ. "ఇది దానికన్నా గట్టిది. ఒంట్లో ఓపిక ఉంటేనే ఇస్తాను. లేకపోతే జబ్బు కన్నా ముందు మందే మిమ్మల్ని పడగొడుతుంది. అందుకే అడుగుతున్నా. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?"

"లేదమ్మా."

"చొక్కా గుండీలు మీరే పెట్టుకుంటున్నారా?"

"ఊరందరి గుండీలూ నేనే పెడుతున్నాను."

"పగలు ఎంతసేపు పడుకుంటున్నారు?"

"నేను పడుకుంటే పిల్లలు బడికి ఏం తొడుక్కుని పోతారు?"

తమ్ముడు పెద్దగా నవ్వాడు. "చూశారా డాక్టర్! మా నాన్న ఉక్కు ముక్క. రేపే మొదలుపెట్టేయండి."

మా తమ్ముడిది కారు నేర్పే పని. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాడు. వాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. పాతికేళ్ళుగా పక్కవాడి కోసం బ్రేకు నొక్కీ నొక్కీ, ఆటోలో కూర్చున్నా, బస్సులో కూర్చున్నా వాడి కాలు నేలని నొక్కుతూనే ఉంటుంది. నాన్న విషయంలో మాత్రం వాడికి బ్రేకు గుర్తు రాలేదు. మొదటి సెలైను రోజు నాన్న చెయ్యి పట్టుకుని, "నువ్వు తట్టుకో చాలు నాన్నా, మిగతాదంతా నేను చూసుకుంటా," అన్నాడు. చూసుకున్నాడు కూడా, కాదనను. తిప్పని చోటు లేదు, అడగని డాక్టరు లేడు.

నర్సు నాన్నని తూకం మెషిను ఎక్కించి అరవై అని రాసుకుంది. జబ్బు తెలిసిన రోజు అరవై నాలుగు. "పర్లేదు, నాలుగే తగ్గారు," అంటూనే డాక్టరమ్మ ఎందుకో ఇంకోసారి నాన్నని పైనుంచి కిందికి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పగలంతా ఆయన పక్కన ఉండేది మీరేనా?"

"అవునండీ. కాజాలు నావే."

"అయితే మూడు వారాలు గమనించండి. ఏం తింటున్నారు, ఎంతసేపు పడుకుంటున్నారు, ఇదివరకు చేసే పనుల్లో ఏది మానేశారు. ఆ మానేసినవే నాకు ముఖ్యం. ఆయన చెప్పేది నాకు పనికిరాదు, కొడుకు చెప్పేది అంతకన్నా పనికిరాదు. మీరు చెప్పినదాన్ని బట్టే మందు ఇవ్వాలా వద్దా అనేది."

ఎప్పుడూ ఎవరూ నన్ను ఏదీ తేల్చమని అడిగి ఎరగరు. ఇంటికొచ్చే దారిలో తమ్ముడు నా చెవిలో, "అక్కా, జాగ్రత్త. నువ్వు మెత్తగా ఏదో ఒకటి వాగావంటే ఆవిడ మందు ఆపేస్తుంది. అప్పుడు నాన్నని మనమే వదిలేసినట్టు," అన్నాడు. ఆటో మలుపు తిరిగింది. వాడి కాలు నేలని నొక్కింది.

అప్పటికే నేను ఒక అబద్ధం కుట్టి ఉన్నానని వాడికి తెలియదు.

మా షాపులో రెండు కట్టుబాట్లుండేవి. ఒకటి, ఇంట్లో మనిషికి టేపు పెట్టకూడదు. "సొంత మనిషి కొలత కంటికి తెలియకపోతే వాడు దర్జీ ఏంటే?" అనేవాడు నాన్న. అమ్మ జాకెట్లు, నా గౌన్లు, తమ్ముడి నిక్కర్ల దగ్గర నుంచి వాడి పెళ్ళి కోటు దాకా ఒక్కదానికీ టేపు తియ్యలేదు. ఒక్కటీ పాడవలేదు. రెండోది, దర్జీ ఒంటి మీద చొక్కా వేలాడకూడదు. వేలాడితే షాపు మూసేసుకోవడం మంచిదని నాన్న మాట. రెండో సెలైను తర్వాత నాన్న చొక్కాలు భుజాల మీంచి జారడం మొదలైంది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఒక్కోటీ తీసి, పక్కలు పావంగుళం లోపలికి పట్టి, ఇస్త్రీ చేసి మళ్ళీ అరలో పెట్టేశాను. నాలుగో సెలైను తర్వాత ఇంకో అరంగుళం. బయటివాళ్ళు చూసి, "మాస్టారు ఏమీ తగ్గలేదే!" అనేవాళ్ళు. అదేదో గొప్ప పని చేసినట్టు నేను లోపల మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ మూడు వారాలు నేను కాజాలు తీస్తూ నాన్ననే చూశాను. చూడాలని చూస్తే గానీ కనపడనివి ఎన్నో ఉంటాయి. సూదిలో దారం ఎక్కించడం మానేశాడు. "నీ కళ్ళు మంచివి, ఎక్కించి పెట్టు," అంటాడు. సుద్దముక్క చేతిలోంచి జారితే వంగి తీసుకోడు, కొత్తది పగలగొడతాడు. ప్యాంటు గుడ్డ కత్తిరించడం మానేశాడు, చొక్కాల గుడ్డే కత్తిరిస్తున్నాడు. అదీ ఒక్క కోతకి నాలుగు మడతలు కాదు, రెండే. మధ్యాహ్నం కుట్టిన చొక్కాల గుట్ట వెనక చాప వేసుకుని పడుకుంటాడు. ఎవరైనా వచ్చి, "మాస్టారు లేరా?" అంటే గుట్ట వెనక నుంచే, "ఉన్నానయ్యా, కింద గుండీ పడితే వెతుకుతున్నా," అంటాడు. రెండు గంటల సేపు వెతికే గుండీ నేనెక్కడా చూడలేదు.

అదలా ఉండగా తెల్లచొక్కాల బడి ఆయమ్మ రెండు చొక్కాలు వెనక్కి పట్టుకొచ్చింది. గుండీల పట్టీ కింద చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు.

"ఏంటి మాస్టారూ, కొత్త బట్టకి మరకలేంటి? హెడ్మాస్టరమ్మ నన్ను తిడుతోంది."

"మిషను తుప్పమ్మా. ఉతికిస్తాలే. నువ్వు కూర్చో," అన్నాడు నాన్న గుండీ కుడుతూనే. "మీ హెడ్మాస్టరమ్మ ఇంకా ఆ పెద్ద గొంతేనా?"

"గొంతుకేం, వీధి చివరికి వినిపిస్తుంది."

"నాకు ఇక్కడికే వినిపిస్తుంది."

ఇద్దరూ నవ్వుతున్నారు. నేను నాన్న చేతుల వంక చూశాను. సూది గుండీలోంచి వచ్చి ఎడమచేతి చూపుడువేలులో దిగి ఉంది. ఎర్రగా చుక్క ఉబికింది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నాన్నా, సూది," అన్నాను.

కిందికి చూసుకున్నాడు. బట్టకంటిన దారప్పోగు తీసినంత మామూలుగా దాన్ని లాగేసి, వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆయమ్మ వెళ్ళాక, "తుప్పనే చెప్పు ఎవరడిగినా," అన్నాడు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి ఇంకా వారం ఉంది. నాన్నకి ఆసుపత్రికి వేసుకెళ్ళే బూడిదరంగు ప్యాంటు ఒకటుంది. మరెక్కడికీ అది తొడుక్కోడు, నన్ను ఉతకనివ్వడు కూడా. నడుము వదులైందేమో, పట్టీ కాస్త లోపలికి పట్టి కుడదామని ఆయన లేనప్పుడు కొక్కెం మీంచి తీశాను. తీస్తే చెయ్యి కిందికి లాగేసింది. ప్యాంటు అంత బరువేంటి?

నడుం పట్టీ విప్పాను.

లోపల వరసగా సీసం బిళ్ళలు. పరదాలు గాలికి ఎగరకుండా అడుగున పెట్టి కుడతామే, అవి. సినిమా హాలు పరదాలు కుట్టినప్పుడు మిగిలితే డబ్బాలో పోసి ఉంచాం. ఒక్కో బిళ్ళకీ ఒక్కో చిన్న జేబు కుట్టి, అందులో కదలకుండా బిగించాడు. పట్టీలో నాలుగు వరసలు, వెనక జేబుల లోపల ఇంకో వరస. మొత్తం యాభై ఎనిమిది. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో తూయిస్తే మూడు కిలోలకి రవ్వంత తక్కువ.

నన్ను కూలబడేలా చేసింది ఆ బరువు కాదు, ఆ కుట్లు. మొదటి వరసలో కుట్లు చీమల బారులా ఉన్నాయి. నాన్న చెయ్యి అంటే అలాగే ఉంటుంది. రెండో వరసలో కొంచెం ఎడం వచ్చింది. మూడోది అక్కడక్కడా తప్పింది. జేబుల లోపల వేసిన చివరి వరస, కొత్తగా సూది పట్టిన పిల్ల వేసినట్టు వంకరటింకరగా ఉంది. ప్రతి బిళ్ళ పక్కనా గోధుమరంగు చుక్క.

నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నా ఒళ్ళో ప్యాంటు చూశాడు.

"విప్పావా?"

"ఏంటి నాన్నా ఇది?"

"తూకం." వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "రెండోసారి వెళ్ళినప్పుడు ఆ నర్సు, ఇంకా తగ్గితే మందు ఆపేస్తారు తాతా, అంది. అందుకని."

"ఇలా మోసం చేస్తారా ఎవరైనా?"

"నువ్వు చొక్కాలు బిగించలేదూ?"

నేను ప్యాంటు మీంచి చెయ్యి తీసేశాను.

"నా చొక్కాకి నేను వేయని కుట్టు నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు. "ఎడమ పక్క దారం బిగించి లాగావు. ముడత పడింది. ఎన్నిసార్లు చెప్పాను నీకు, పక్కల దగ్గర చెయ్యి వదులు చెయ్యమని."

ఏడవాలో నవ్వాలో తెలియక ఏడుస్తూనే నవ్వాను.

"తట్టుకుంటానని వాడికి మాటిచ్చానే అమ్మాయ్," అన్నాడు తర్వాత. "ఆరూ తట్టుకున్నాను. వేళ్ళు పోయాయి. ఏది పట్టుకున్నా దూది పట్టుకున్నట్టుంది. తిన్నది నిలవట్లేదు. స్నానాలగది దాకా వెళ్ళాలంటే మధ్యలో ఒకసారి కూర్చోవాలి. ఆ కొత్తది నావల్ల కాదు. నాకు తెలుసు."

"మరి ఆ మాట వాడికి చెప్పు."

"చెబితే వాడు, ఇంకొక్కటి నాన్నా, అంటాడు. వాడు అడిగితే నేను కాదనలేను. చిన్నప్పటి నుంచీ అంతే కదా, వాడు అడగడం, నేను కుట్టిపెట్టడం."

"నేను చెబుతాను."

"నువ్వు చెబితే నీ మీద పడతాడు. జీవితాంతం నిన్నే అంటాడు. వద్దు." ప్యాంటు నా ఒళ్ళోంచి తీసుకుని మడత పెట్టాడు. "ఆదివారం రానీ."

ఆదివారం తమ్ముడికి కారు పని ఉండదు. యూనిఫారాల రోజుల్లో ఆదివారాలు వాడే వచ్చి కొలతల పుస్తకం రాసేవాడు. చిన్నప్పటి నుంచీ అది వాడి పనే, వాడి చేతిరాత ముత్యాలు. మా పద్ధతి ఏంటంటే, ఒకరు టేపు పెట్టి అంకె పిలుస్తారు. రాసేవాడు ఆ అంకె తిరిగి పలికి, అప్పుడు రాస్తాడు. తిరిగి పలకకుండా రాస్తే నాన్న ఒప్పుకునేవాడు కాదు. చెవిన పడ్డది ఒకటి, చేతికి వచ్చింది ఒకటి అయితే గుడ్డ పోతుందని.

ఆ ఆదివారం పాతిక మంది పిల్లలొచ్చారు. నేను పిలుస్తున్నాను, తమ్ముడు పలుకుతూ రాస్తున్నాడు, నాన్న కుర్చీలో కూర్చుని పిల్లల్ని ఆట పట్టిస్తున్నాడు. మధ్యలో తమ్ముణ్ణి కూడా వదల్లేదు.

"ఒరేయ్, ఆ పై గుండీ పెట్టుకోరా. పిల్లలు చూస్తున్నారు, రౌడీ అనుకుంటారు."

"ఉక్కపోస్తోంది నాన్నా."

"చలికాలం కూడా అదే చెబుతావు."

చివరికి తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు మిగిలాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. "ఛాతీ ముప్పై నాలుగు. నడుము ఇరవై ఎనిమిది," పిలిచాను. "ఛాతీ ముప్పై నాలుగు. నడుము ఇరవై ఎనిమిది," పలికాడు తమ్ముడు. "లోపల గుడ్డ బాగా వదలండి, వీడు ఇంకా పెరుగుతాడు," అంది వాళ్ళమ్మ. పిల్లల బట్టలకి అది చెప్పాలా! వాళ్ళు కూడా వెళ్ళిపోయారు.

తమ్ముడు పుస్తకం మూయబోతుంటే నాన్న కుర్చీలోంచి లేచాడు. వచ్చి నా ముందు, పిల్లలు నిలబడే చోట నిలబడ్డాడు. చేతులు పక్కలకి దించాడు.

"నాకూ ఒక చొక్కా కావాలి. టేపు పెట్టు."

నేను ఆయన మొహం చూశాను. ఇంట్లో మనిషికి టేపు. ఆయన తల ఊపాడు.

తమ్ముడికి నవ్వొచ్చింది. "ఇదేంటి కొత్తగా! నీకు టేపేంటి నాన్నా?"

"రాయరా నువ్వు."

చొక్కా మీద నుంచి కాదు, చొక్కా విప్పేసి బనియను మీదే నిలబడ్డాడు. గుండీలు ఆయన వేళ్ళకి రాకపోతే నేనే తీశాను. టేపు పెట్టాను. ఆయన ఒంటి చుట్టూ నా చెయ్యి తిరిగి రావడం అదే మొదటిసారి.

"పొడవు ఇరవై తొమ్మిది."

"ఇరవై తొమ్మిది."

"భుజం పదహారు."

"పదహారు."

"ఛాతీ ముప్పై నాలుగు."

"ముప్పై నాలు... అక్కా, పై లైను చదువుతున్నావా? అది ఆ పిల్లాడిది."

"కాదురా. నాన్నదే."

వాడు పుస్తకంలోంచి తలెత్తలేదు. నేను టేపు కిందికి జార్చాను.

"నడుము ఇరవై ఎనిమిది."

వాడు పలకలేదు. నేను ఇంకోసారి పిలిచాను. నాన్న కదలకుండా, ఎదురుగా గోడకి వేలాడుతున్న చొక్కాలని చూస్తూ నిలబడ్డాడు.

"పలకరా," అన్నాడు నాన్న మెల్లగా. "పలక్కుండా రాయకూడదు."

"ఇరవై ఎనిమిది," అన్నాడు తమ్ముడు.

రాశాడు. పుస్తకం మూసి, లేచి బయటికి వెళ్ళాడు. వాడి కారు షాపు ముందే ఉంది. వెళ్ళి వాడి సీట్లో, బ్రేకున్న సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అరగంట అలాగే ఉన్నాడు. నేను నాన్నకి చొక్కా తొడిగి గుండీలు పెట్టాను.

తిరిగొచ్చాక వాడికి ప్యాంటు చూపించాను. బొటనవేలితో ఒక్కో వరసా తడిమాడు. "ఇది?" "మూడో సెలైనుకి." "ఇది?" "నాలుగోదానికి." చివరి వరస దగ్గర వేలు ఆగింది. అది ఎప్పటిదని అడగలేదు.

"డాక్టర్‌కి నేనే చెబుతాను," అన్నాడు.

చెప్పాడు. ప్యాంటు తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. ఆవిడ ముందు నమ్మలేదు. తర్వాత నాన్నని లుంగీ మీద తూకం ఎక్కించింది. యాభై ఏడు. నాకు తెలిసి ఆవిడకి అంత కోపం రావడం అదొక్కసారే.

"మీరు మోసం చేసింది నన్ను కాదు తాతగారూ, మందుని. ఒంటి బరువు చూసే మోతాదు కడతాం. బరువు పదోవంతు పడిపోతే మోతాదు తగ్గించాలి. ఉన్నదానికన్నా బరువైన మనిషికి ఎక్కించాల్సింది మీకు ఎక్కించాను." ప్యాంటు దగ్గరికి లాక్కుని కుట్లు చూసింది. వరస తర్వాత వరస, చాలాసేపు చూసింది. గొంతు తగ్గింది. "ఈ వేళ్ళ సంగతి నాలుగోసారే చెప్పి ఉంటే ఆ మందు అప్పుడే ఆపేదాన్ని."

"ఆపేస్తారనే చెప్పలేదమ్మా," అన్నాడు నాన్న.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను నా మూడు వారాలూ చెప్పాను. దారం, సుద్దముక్క, రెండు మడతలు, గుండీ వెతకడం, సూది. నేను బిగించిన చొక్కాల సంగతి కూడా చెప్పాను. ఆవిడ ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు, అంతా విన్నది.

"కొత్త మందు పని చేస్తే రెండు మూడు నెలలు కలిసిరావచ్చు," అంది. "వస్తాయని కూడా చెప్పలేను. వచ్చినా అందులో సగం ఈ మంచాల మీదే గడుస్తాయి. ఈ ఒంటికి నా అంతట నేను ఆ మందు రాయను. మీరంతా గట్టిగా పట్టుబడితే సగం మోతాదుతో ఒకసారి చూడొచ్చు. పట్టుబడతారా?"

నాన్న తమ్ముడి వంక చూశాడు. నేనూ చూశాను. వాడు బల్ల అంచు చూస్తున్నాడు. వాడి కాలు మాత్రం నేలని నొక్కి పట్టి ఉంది. మడమ లేవలేదు, మునివేళ్ళు కదల్లేదు.

"వద్దు నాన్నా," అన్నాడు. "ఇంటికి పోదాం."

నాన్న ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆయన వెంటనే డాక్టరమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఎప్పటి నుంచో చెబుదామనుకుంటున్నా. నీ కోటు కుడి భుజం అరంగుళం జారుతోంది. ఒకసారి విప్పి ఇవ్వు," అన్నాడు. ఆవిడ విప్పి ఇచ్చింది. నా సంచిలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. ఆవిడ నొప్పికి, ఆకలికి, వాంతులకి మందులు రాసేలోపు నేను కుట్టేశాను. చెయ్యి వదులుగానే చేశాను. నాన్న చూస్తున్నాడు కదా.

మర్నాడు నాన్న చొక్కాకి గుడ్డ తానే ఎంచుకున్నాడు. లేత నీలం మీద సన్న గీతలు. కత్తెర నా చేతికిచ్చి, పక్కన కూర్చుని చెప్పాడు.

"కుట్టు లోపల ఇటూ అటూ ఒకటిన్నర వదులు."

"పెద్దవాళ్ళకి అరంగుళమేగా నాన్నా?"

"ఆకలి మందు ఇచ్చింది కదే. తింటానేమో, లావవుతానేమో, నీకేం తెలుసు? భుజం పదిహేడున్నర పెట్టు."

"నీది పదహారు."

"సూదులు గుచ్చిన చెయ్యి. బిగుతుగా ఉంటే నొప్పి. చేతుల చివర రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టు, కత్తిరించకు. కాలరు మాత్రం నా మెడకే చెయ్యి. మెడ దగ్గర వేలాడితే ముసలివాణ్ణి అనుకుంటారు."

ఆశపడుతున్నాడనుకున్నాను. కాదనడానికి నేనెవర్ని? చెప్పినట్టే చేశాను. భుజాలు కాస్త జారాయి. జీవితంలో మొదటిసారి మా నాన్న ఒంటి మీద చొక్కా వేలాడింది. ఆయన పట్టించుకోలేదు.

యూనిఫారాలు బళ్ళు తెరిచే ముందురోజు సాయంత్రానికి పూర్తయ్యాయి. తమ్ముడు పొద్దున్నే వచ్చి తానే గుండీలు కుట్టాడు. అంత బండ గుండీలు మా షాపు చరిత్రలో లేవు. నాన్న ఒక్కోటీ చూసి, "ఇది కారుకి వేసే నట్టురా, గుండీ కాదు," అని మళ్ళీ విప్పించేవాడు. బళ్ళు తెరిచిన రోజు కిటికీ పక్కన కూర్చుని, వీధిలో పోయే పిల్లలని చూసి ఎవరికి ఎక్కడ పట్టేసిందో, ఎవరికి జారిందో మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నాడు.

అర్ధసంవత్సరం పరీక్షల దాకా ఉన్నాడు. నొప్పి మందులు పని చేశాయి. వేళ్ళకి స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ఆ నీలం చొక్కా ఉతికిన ప్రతిసారీ అదే తొడిగించుకున్నాడు. ఒక మధ్యాహ్నం, చొక్కాల గుట్ట వెనక చాప మీద, నేను కాజా తీస్తుండగా పోయాడు. నాన్నా అని పిలిస్తే గుండీ వెతుకుతున్నానని అనలేదు. అప్పుడు తెలిసింది.

నెల తర్వాత తమ్ముడొచ్చి, "ఆ నీలం చొక్కా నాకివ్వక్కా. దాచుకుంటాను," అన్నాడు.

పెట్టెలోంచి తీశాను. పక్క కుట్టు ఒకచోట పిగిలి ఉంటే, ఇచ్చే ముందు సరిచేద్దామని తిరగేశాను. లోపల గుడ్డ అంతా అలాగే ఉంది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత రెండు పక్కలా కుట్లు విప్పేశాను. చేతుల చివర మడత విప్పాను. ఇటు ఒకటిన్నర, అటు ఒకటిన్నర, రెండు పక్కలా. అంచు మీదుగా మళ్ళీ కుట్టి, ఇస్త్రీ పెట్టాను.

"తొడుక్కో ఒకసారి," అన్నాను.

"నాకెలా పడుతుందక్కా, నాన్నది."

"తొడుక్కోరా."

తొడుక్కున్నాడు. భుజం భుజం మీద కూర్చుంది. చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది. వాడి ఛాతీ నలభై. చొక్కా ఛాతీ నలభై. ఎక్కడా ముడత లేదు, ఎక్కడా బిగువు లేదు. వాడు అద్దం ముందు నిలబడి కింద నుంచి ఒక్కో గుండీ పెట్టుకుంటూ పైకి వచ్చాడు. చివరి గుండీ దగ్గర ఆగాడు. లాగి చూశాడు, మళ్ళీ లాగాడు.

పై గుండీ ఒక్కటే అందలేదు. వాడు ఎలాగూ పెట్టడని నాన్నకి తెలుసు.